సిద్ధం కాని నలుగురు

కిండర్‌గార్టెన్‌లో చేరబోయే పిల్లలు దానికి సిద్ధంగా ఉన్నారో లేదో ఇంతకాలం ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించకపోయినా పిల్లలు చేరిపోయారు. చేరడమే కాక అక్కణ్ణుంచి ఒకటో తరగతికీ, ఆపైన కాలేజీలకూ, పెళ్లిళ్లకూ, ఉద్యోగాలకూ కూడా వెళ్లిపోయారు. ఇది చాలా తీవ్రమైన లోపమని పై ఆఫీసువారు ఆలస్యంగానైనా కనిపెట్టారు. కనిపెట్టిన వారంలోనే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త ఆటల తరగతుల ఉపాధ్యాయులకు తెలియజేయునదేమనగా" అని మొదలై, ఊపిరి తీసుకోకుండా మూడు పేజీలు నడిచి, "అతిక్రమించినవారిపై తగు చర్య తీసుకొనబడును" దగ్గర ఆగింది.

ఆ సర్క్యులర్, కిండర్‌గార్టెన్‌కి ముందు మెట్టైన ఆటల తరగతి నడిపే చిన్నటీచరు బల్లమీదికి చేరింది. చిన్నటీచరు వయసు యాభైమూడు. ఆమె ఉద్యోగంలో చేరిననాడు అక్కడ ఒక పెద్దటీచరు ఉండేది కాబట్టి ఈమె చిన్నటీచరైంది. పెద్దటీచరు రిటైరై పదిహేనేళ్లు దాటినా ఈమెకు ఏ విధమైన ప్రమోషనూ రాలేదు, పిలుపులో కూడా.

ఆమెది వీధివైపు కిటికీలున్న పొడుగాటి గది. మోకాలెత్తు బల్లలు, ఒక మూల ఇసుకతొట్టి, ఇంకో మూల చేతులు కడుక్కునే పొట్టి కుళాయి. గోడకు ఇరవైయొక్క కొక్కేలు. పిల్లలకు చదవటం రాదు కనుక ఒక్కొక్క కొక్కెం పైన ఒక్కొక్క బొమ్మ అంటించి ఉంటుంది: గొడుగు, చేప, పడవ, తాబేలు, గంట, అలాగ. ఎవరి బొమ్మ కింద వాళ్లు సంచీ తగిలించుకుంటారు. కొన్నాళ్లకి ఆ బొమ్మే వాళ్ల పేరైపోతుంది. ఇంటిదగ్గర ఏమని పిలుస్తారో గానీ, బళ్లో మాత్రం "పడవా, ముక్కు తుడుచుకో" అనే అంటారు.

సర్క్యులర్‌తోపాటు ఫారాలొచ్చాయి. పిల్లవాడికొక ఫారం, ఫారానికి ఎనిమిది పేజీలు, మొత్తం అరవైనాలుగు సూచికలు. కత్తెర పట్టుకొను విధానం. తన వంతు కొరకు వేచియుండుట. తల్లినుండి ఏడవకుండా విడిపోవుట. ఒక్కసారి చెప్పగానే పని చేయుట. ప్రతి సూచికకీ ఎదురుగా "సిద్ధం", "సిద్ధం కాలేదు" అని రెండు గళ్లు. ఈ పరిశీలనంతా తరగతి గదిలోనే, పిల్లల సహజస్థితికి భంగం కలగకుండా, వాళ్లకి తెలియకుండా చెయ్యాలి.

పిల్లల మూతులు తుడవటం దగ్గర్నుంచి తలుపు తాళం వెయ్యటం దాకా ఆ గదిలో సమస్తమూ చూసుకునేది ఆయమ్మ. ఆమె ఫారం చదివించుకుని విని, ఒకచోట ఆపమంది.

"ఒక్కసారి చెప్పగానే చెయ్యాలా? ముప్ఫయ్యేళ్లుగా చెప్తున్నా, మా ఆయన తడితువ్వాలు మంచంమీద పడెయ్యటం మానలేదు. ఆయన్ని ఎక్కడ చేర్చుకుంటారు టీచరమ్మా?"

"ముందు పిల్లల సంగతి తేలనీ ఆయమ్మా," అంది చిన్నటీచరు.

ఆమె ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు. మూడు వారాలపాటు అట్టకి ఫారం బిగించుకుని బల్లల మధ్య తిరిగింది. టీచరు బొమ్మలేస్తోందనుకుని చేప తనక్కూడా ఒక లారీ వేసివ్వమన్నాడు. వేసిచ్చింది. బొత్తాలు పెట్టుకోవటం చూసింది, పదిదాకా లెక్కపెట్టటం చూసింది, జారుడుబల్ల దగ్గర తోసుకోవటమూ, తోసినవాడే లేవదీయటమూ చూసింది. తల్లినుండి ఏడవకుండా విడిపోవటంలో పిల్లలందరూ నెగ్గారు. గేటు బయట ముగ్గురు తల్లులు మాత్రం కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. వాళ్లకి ఫారంలో గడి లేదు.

మూడు వారాల తర్వాత చిన్నటీచరు ఇరవైయొక్క ఫారాలూ పూర్తిచేసి, అందరూ సిద్ధంగా ఉన్నారని రాసి, సంతకం పెట్టి పంపింది. తొమ్మిదోరోజున ఫారాలన్నీ తిరిగొచ్చాయి. పైన ఎర్రసిరాతో ఒక వాక్యం: "అందరూ సిద్ధముగా నుండుట అసహజము. పునఃపరిశీలించి పంపగలరు."

ఆమె పునఃపరిశీలించింది. మళ్లీ అందరూ సిద్ధంగానే ఉన్నారు. మళ్లీ పంపింది.

ఈసారి ఫారాలు రాలేదు, సంసిద్ధతాధికారి వచ్చాడు. అది కొత్తగా పుట్టిన ఉద్యోగం. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎవరినైనా నొప్పిస్తానేమోనన్నట్టు నడిచే మనిషి. గదిలో పెద్ద కుర్చీ ఒక్కటే ఉంది, దానిమీద తడిసిన చొక్కాలు ఆరేసి ఉన్నాయి. అధికారి పిల్లల కుర్చీలోనే సర్దుకున్నాడు. మోకాళ్లు చెవులదాకా వచ్చాయి. ఆ భంగిమలోనే ఉపన్యాసం ప్రారంభించాడు.

"అమ్మా, ముందుగా మీ నిజాయితీకి శాఖ తరఫున అభినందనలు. మీవంటివారే శాఖకి వెన్నెముక. అయితే వెన్నెముకన్నాక కాస్త వంగాలి. వంగకపోతే మనిషి చెప్పులెలా వేసుకుంటాడు? లోపం లేని బాల్యం ప్రపంచంలో ఎక్కడా లేదు. లోపాన్ని గుర్తించటమే సేవకి తొలిమెట్టు. మీరు ఇరవైయొక్కమంది పిల్లలకి ఆ మెట్టే లేకుండా చేశారు."

"లోపం కనబడలేదు సార్. కనబడితే రాసేదాన్ని."

అధికారి గొంతు తగ్గించాడు. "మీ ఆవరణలోనే, అదిగో, ఆ చివర గది చూశారుగా? సంసిద్ధతా సాధన కేంద్రం. సిద్ధం కాని పిల్లల్ని ఏడాదిపాటు అక్కడ ఉంచి సిద్ధం చేస్తారు. సున్నం వేశాం, కర్టెన్లు కట్టాం, రిబ్బను కత్తిరించాం. నిపుణురాలు ఉద్యోగంలో చేరిపోయింది. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, ఖాళీ గదిలో కూచుని వెళ్తోంది పాపం. ఆసుపత్రి కట్టేశాక ఊళ్లో జబ్బుల్లేవంటే ఎలాగమ్మా?"

చిన్నటీచరు కిటికీలోంచి ఆ చివర గదివైపు చూసింది.

"నాలుగే కుర్చీలు. నలుగుర్నే అడుగుతున్నాం. మీరు మళ్లీ అందర్నీ సిద్ధం చేసి పంపారో, బయటినుంచి మనుషులొచ్చి పరీక్షిస్తారు. వాళ్లు నలుగురితో ఆగుతారని నేను హామీ ఇవ్వలేను."

"ఏ నలుగుర్ని సార్?"

"అది పూర్తిగా మీ వృత్తిపరమైన స్వేచ్ఛ," అన్నాడాయన గంభీరంగా. "అందులో మేం వేలు పెట్టం." అని లేవబోయాడు. కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. ఆయమ్మ వెనకనుంచి దాన్ని ఊడబెరికింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నటీచరు ఫారాలు ముందేసుకుని మళ్లీ చదివింది. మనసు రాయి చేసుకుని వెతికితే అరవైనాలుగింటిలో ఒక్కటైనా తప్పని పిల్లవాడు ఎక్కడుంటాడు? గొడుగు అనే పిల్ల ఏ పని చెప్పినా ముందు "ఎందుకు?" అంటుంది, సమాధానం నచ్చితేనే చేస్తుంది: ఒక్కసారి చెప్పగానే పని చేయుట, లేదు. తాబేలు బూట్లు వేసుకోవటానికి కూచుని, గడప పక్కన చీమలబారు కనబడితే ఇక ఆ రెండో బూటు సంగతి మరిచిపోతాడు: పనిని గడువులోగా ముగించుట, లేదు. గంట అనే పిల్ల అందరూ నిశ్శబ్దంగా ఉండవలసిన సమయంలో నవ్వుతుంది, ఆమె నవ్వితే మిగతా ఇరవైమందీ నవ్వుతారు: సందర్భోచిత గాంభీర్యము, లేదు. ఇక పడవ. వాడి పెన్సిలు ఎవరడిగినా ఇచ్చేస్తాడు, అడగకపోయినా ఇచ్చేస్తాడు, ఇచ్చేశాక తాను వేలితో గీసుకుంటాడు: స్వంత వస్తువులను కాపాడుకొనుట, లేదు.

ఫారాల్లో కారణాలు ఇలా పడ్డాయి. ఫారానికెక్కని కారణం ఒకటుంది. ఆ గదినుంచి ఏటా పిల్లలు వెళ్లిపోతూనే ఉంటారు, ఆమె పంపుతూనే ఉంటుంది. ఈ ఏడు మాత్రం ఈ నలుగుర్నీ పంపటానికి ఆమెకి మనసొప్పలేదు. కేంద్రం ఆవరణ చివర్నే ఉంది, కిటికీలోంచి కనబడుతుంది. "ఎంత దూరమని, పక్కనేగా," అని తనకి తాను నచ్చచెప్పుకుంది. మనిషి తప్పుచేసేటప్పుడు దగ్గర్లో ఒక మంచి కారణం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

జాబితా గోడకి అంటించిన మర్నాడు పొద్దున్నే పడవ వాళ్లమ్మ వచ్చింది. ఆమె వీధి మలుపులో ఉన్న లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. కుడి మణికట్టుమీద పాత కాలిన మచ్చ. తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మావాడు ఏం తప్పు చేశాడు టీచరుగారూ?"

"తప్పేం లేదమ్మా. వాడు... తన వస్తువులు తను ఉంచుకోవటం లేదు. పెన్సిళ్లు పంచేస్తున్నాడు."

"అది మేమే నేర్పామండీ. నాకు, మా ఆయనకి చదువు లేదు, ఇంకేం నేర్పగలం? ఉన్నది నలుగురికీ పెట్టి తినమని చెప్పాం. అది తప్పని తెలీదు." తర్వాత, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "మానిపించమంటారా?"

చిన్నటీచరు ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో పిల్లలు అడిగిన ప్రశ్నలకెప్పుడూ తడుముకోలేదు. ఆకాశం ఎందుకు పడిపోదో కూడా చెప్పింది. ఈ ప్రశ్నని మాత్రం వెంటబెట్టుకుని ఆ మధ్యాహ్నమే పై ఆఫీసుకి వెళ్లి, ఒక పేరు తీసేయమని అడిగింది.

సంసిద్ధతాధికారి కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, మర్యాదగా నిబంధన వివరించాడు. "సిద్ధంగా ఉన్నవాణ్ణి సిద్ధంగా లేడనటానికి మీ ఒక్కరి సంతకం చాలమ్మా. సిద్ధంగా లేనివాణ్ణి సిద్ధంగా ఉన్నాడనటానికి మాత్రం కమిటీ కూర్చోవాలి. మంచి చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం కదా."

బడి తెరిచారు. సిద్ధమైన పదిహేడుమందీ కిండర్‌గార్టెన్‌కి వెళ్లారు. అక్కడ ఇతర ఆటల తరగతులనుంచి సిద్ధమై వచ్చినవాళ్లతో కలిపి ఒక్క గదిలో యాభైనలుగురు. సిద్ధమైనవాళ్లు కనుక వాళ్లకి కిటికీ అవసరం లేదని ఆ గదికి కిటికీ పెట్టలేదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా చేతులు కట్టుకుని కూచోవాలి. నీళ్ల కుళాయిదాకా వెళ్లి రావాలంటే వరసలో అరగంట.

సిద్ధం కాని నలుగురూ కేంద్రానికి వెళ్లారు. నిపుణురాలు పాతికేళ్ల పిల్ల. వీళ్ల లోపాల్ని చక్కదిద్దాలని మొదటి వారమంతా చిత్తశుద్ధితో వెతికింది. రెండోవారం ఆ ప్రయత్నం మానేసి వాళ్లతో ఆడుకోవటం మొదలెట్టింది. గొడుగు అడిగిన ప్రతి "ఎందుకు"కీ తీరిగ్గా జవాబు చెప్పేది, తెలియనివి పుస్తకాల్లో వెతికి మర్నాడు చెప్పేది. తాబేలుకి ఒక భూతద్దం తెచ్చింది. గంట నవ్వితే తనూ నవ్వేది. నెలనెలా "ఓ మోస్తరు పురోగతి" అని నివేదిక పంపేది. పూర్తి పురోగతి అని రాస్తే కేంద్రం మూతపడుతుందన్న ఇంగితం ఆమెకీ కలిగింది.

వేడి అన్నంలో వేలుపెట్టినట్టు ఈ సంగతి ఊరికి చురుక్కున తగిలింది. దసరాలూ జాతర్లూ అక్కర్లేకుండానే చిన్నటీచరు గది ముందు జనం చేరారు. మొదట వచ్చినవాడు మందుల షాపాయన, చేప వాళ్ల నాన్న.

"మావాడికి ఏం తక్కువైందండీ, వాడిలో ఏ తక్కువా లేదని రాశారు?" అని నిలదీశాడు. "సరిగ్గా చూస్తే ఎన్ని లోపాలు కనిపించేవి! ఇంట్లో వాడు గోడలన్నీ గీకేస్తాడు. నిన్నగాక మొన్న నా చేతి వాచీ నీళ్లలో ముంచాడు. మీరు మావాడి ప్రతిభని గుర్తించలేదు."

మరొకావిడ తన కూతురు రోజూ పక్క తడుపుతుందని డాక్టరు చేత రాయించి తెచ్చింది. ఇంకొకాయన తమ వంశంలోనే ఎవరూ దేనికీ ఎప్పుడూ సిద్ధంగా లేరని, కావాలంటే విచారించుకోవచ్చనీ సవాలు చేశాడు. జాబితా పడకముందు అందులో పిల్లల పేర్లు లేకుండా చూడమని మొక్కుకున్నవాళ్లే ఇప్పుడు ఉండేట్టు చూడమని వేడుకున్నారు. మొక్కు ఒకటే, దిశ మారింది.

వీళ్లందరికంటే పైన ఇంకొకాయన ఉన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా. పై ఆఫీసులో అందరికంటే పై కుర్చీలో కూచునే పెద్దసారుకి ఒక మనవడున్నాడు. ఆ మనవడికి అకస్మాత్తుగా, విద్యాసంవత్సరం మధ్యలో, సంసిద్ధత పోయింది. నాలుగు కుర్చీలూ నిండి ఉన్నాయి గనుక వెంటనే కమిటీ కూర్చుంది. ఆరునెలలుగా కూర్చోని కమిటీ ఆరు నిమిషాలు కూర్చుని, లాండ్రీ ఆవిడ కొడుకు సంపూర్ణంగా సిద్ధమయ్యాడని ప్రకటించింది.

ఆ ఉదయం కేంద్రంలో కమిటీ సభ్యులు ముగ్గురు, సంసిద్ధతాధికారి, పెద్దసారు భార్య, ఆమె వేలు పట్టుకుని మనవడు. తలుపు దగ్గర చిన్నటీచరు. పిల్లవాడు కొత్తచోటుకి బెదిరి కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. పడవని లేవమని చెప్పటానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. కమిటీ అధికారివైపు చూసింది, అధికారి కర్టెన్లవైపు చూశాడు.

పడవే లేచాడు. చొక్కా అంచుతో కుర్చీ తుడిచాడు.

"ఇక్కడ కూచో," అన్నాడు ఆ పిల్లవాడితో. "ఇది కిటికీ పక్కది. అన్నాల టైముకి పిచ్చుక వస్తుంది. గట్టిగా మాట్లాడకు, ఎగిరిపోద్ది."

అధికారి వెంటనే పెన్ను తీసి రాశాడు: "సాంఘిక ప్రవర్తన అత్యుత్తమం. కమిటీ నిర్ణయం సరైనదని రుజువైనది."

చిన్నటీచరు వాడి సంచీ భుజాన వేసుకుని, చెయ్యి పట్టుకుని, ఆవరణ దాటించి యాభైనలుగురి గదివైపు నడిపించింది. సగం దారిలో వాడు తలెత్తి చూశాడు.

"టీచర్, నేనిప్పుడు సిద్ధమైపోయానా?"

"ఎప్పుడో అయ్యావు నాన్నా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పాను," అందామె. "రెండుసార్లు చెప్పాను." మూడోసారి ఏం రాసిందో వాడికి చెప్పలేదు. తలుపు దగ్గర వాడి సంచీ వాడికిచ్చింది. లోపలినుంచి ఎవరో "యాభైనాలుగు" అని పిలిచారు. పెద్దసారు మనవడు ఖాళీ చేసి వెళ్లిన నంబరు అది. వాడు "వచ్చా" అని లోపలికెళ్లాడు. చిన్నటీచరు తిరిగొచ్చి, ఆ రోజు పిల్లలకి కథ చెప్పవలసిన వేళ ఇసుకతొట్టి అంచున కూచుని ఇసుక జార్చుకుంటూ ఉండిపోయింది. ఆయమ్మ అర్థం చేసుకుని తానే ఏదో కథ చెప్పింది.

మళ్లీ పరిశీలనల కాలం వచ్చేసరికి బడికెదురుగా కొత్త బోర్డు వెలిసింది: "మీ చిన్నారిని సిద్ధంగా లేకుండా తీర్చిదిద్దే పూచీ మాది. అనుభవజ్ఞులైన శిక్షకులు." ఫలితాలు కళ్లకి కట్టినట్టు కనబడ్డాయి. తరగతిలోని పిల్లలందరూ ఒక్కలాగే కుడి బూటు ఎడమ కాలికి వేసుకుని వచ్చారు. కత్తెరని మొన దగ్గర, ఏమాత్రం తెగకుండా, చక్కగా పట్టుకున్నారు. ఎర్ర దిమ్మ చూపించి ఇదేం రంగంటే, ముక్తకంఠంతో "పచ్చ" అన్నారు.

"పచ్చంటే పచ్చే అనుకో టీచరమ్మా," అంది ఆయమ్మ బూట్లు మారుస్తూ. "ఒక్కసారి చెప్పగానే చేస్తున్నారుగా, అంతకన్నా ఏం కావాలి?"

ఆఖరున కొత్తగా చేరిన ఒక పిల్ల మిగిలింది. తాళంచెవి బొమ్మ కొక్కెం పిల్ల, రెండు పిలకలు, చురుకైన కళ్లు. చిన్నటీచరు ఎదురుగా కూచుని అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల పెదాలు బిగించింది. కిటికీ అవతల వాళ్లమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఎన్ని వేళ్లని అడిగితే, పిల్ల తన చేతుల్ని ఎన్నడూ చూడనట్టు చూసుకుంది. ఏది పెద్దది, ఏది చిన్నదని అడిగితే పైకప్పువైపు చూసింది. చిన్నటీచరు ఫారం మూసేసి, పెన్ను పక్కన పెట్టింది. అప్పుడు పిల్ల కిటికీవైపు ఒకసారి చూసి, ముందుకి వంగి, చెవిలో చెప్పింది:

"నాకన్నీ తెలుసు టీచర్. చెప్పకూడదంతే."

"ఎవరన్నారు?"

"అమ్మ. పెద్దవాళ్లు రాసుకుంటున్నప్పుడు ఏమీ తెలీనట్టుండాలంట. అప్పుడే మంచి చోటు దొరుకుద్దంట." ఆ వెంటనే అడిగింది: "మళ్లీ ఎప్పుడు తెలిసినట్టుండొచ్చు?"

చిన్నటీచరు ఆ పిల్ల తల నిమిరి, పంపేసింది. తర్వాత ఫారం తెరిచి, అరవైనాలుగు సూచికలకీ వరసగా "సిద్ధం" గడిలోనే టిక్కు పెట్టింది. చివరి పేజీలో "పరిశీలకుల అభిప్రాయము" అన్నచోట ఇలా రాసింది: "ఈ చిన్నారి తెలిసినది దాచగలదు. అడిగేవారి హోదానుబట్టి, కిటికీలోంచి చూసేవారినిబట్టి జవాబివ్వగలదు. మంచి చోటు కొరకు ఏమీ తెలియనట్లు ఎంతకాలమైనా ఉండగలదు. కిండర్‌గార్టెన్‌కే కాదు, బాధ్యతగల ఏ పదవికైనా పూర్తిగా సిద్ధం."

తల్లి అదేరోజు అప్పీలు చేసింది. కమిటీ కూర్చుంది. సభ్యులు ముగ్గురూ ఆ వాక్యాల్ని రెండేసిసార్లు చదివారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా చర్చించారు. పై లక్షణములు లోపములు కావనీ, వాటిని లోపములుగా ఎంచినచో ఈ ఊళ్లో ఒక్క పెద్దమనిషీ మిగలడనీ ఏకగ్రీవంగా తీర్మానించి, అప్పీలు కొట్టేశారు. ఈ తీర్మానంపై అభ్యంతరం ఉన్న పెద్దలు పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవచ్చునని నోటీసుబోర్డులో పెట్టారు.

గడువు దాటిపోయింది. ఇంతవరకు ఒక్క కాగితమూ రాలేదు.